చలికాలము – ఇంటి నల్లా

నల్లా త్రిప్పినంతనే నీరు పడును. ఆ నీరు ఎంత దూరమునుండి వచ్చుచున్నదో, ఎన్ని గొట్టములను దాటి వచ్చుచున్నదో పలువు రాలోచింపరు. నీరు రానినాడు మాత్రమే ఇంటిల్లిపాదికిని నల్లా జ్ఞప్తికి వచ్చును. గోడలయందును నేలక్రిందను దాగియున్న ఈ గొట్టములు శరీరమునందలి రక్తనాళముల వంటివి. శరీరమువలెనే ఇవియు ఋతువుల మార్పునకు లోనగుచుండును. ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. కావున చలికాలము వచ్చుటకు ముందు కంబళ్లను ఎండబెట్టుకొను గృహస్థుడు ఇంటి గొట్టములనుగూడ ఒకసారి పరీక్షించుకొనుట మంచిది. హైదరాబాదు ప్రజలు నల్లా యనుదానినే కోస్తా జిల్లాలవారు కుళాయి యందురు. పేరేదైనను దాని బాగోగులు చూచుట ఇంటివారి విధియే.

హైదరాబాదు నగరమున మూసీనదికి ఉత్తరపు దిక్కున బేగంబజారు కలదు. రెండవ ఆసఫ్‌జా యగు నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగము వర్తకులకు ఒసగిన భూమియందు ఈ బజారు వెలసినదని ప్రతీతి. కిరాణా సరకులు, రాగి, ఇత్తడి, ఉక్కు పాత్రలు ఇచట టోకుగా అమ్ముడగును. ఇరుకైన వీథులు, క్రింద దుకాణములు, పైన నివాసములు, వాని నడుమ గిడ్డంగులు – ఇది బేగంబజారు స్వరూపము. ఇట్టి చోట ఒక యింటి గొట్టము మరియొక యింటి గోడ ప్రక్కగా పోవును. ఒక యింట కారిన నీరు క్రింది దుకాణమున నిలువచేసిన సరకును తడుపును. ఇచట ఒక గృహస్థుని అజాగ్రత్త ఇరుగుపొరుగువారికిని నష్టము కలిగించును.

ఈ నగరమునకు నీరు సమకూర్చుట పూర్వకాలమునుండియు గొప్ప ప్రయత్నముగనే యుండెను. ప్రజలు బావులపైనను చెరువులపైనను ఆధారపడిరి. 1806 ప్రాంతమున నిర్మింపబడిన మీర్ ఆలం చెరువు నగరమునకు చాలకాలము త్రాగునీ రందించెను. ఆ చెరువు కట్ట 21 అర్ధవలయముల వరుసగా నిర్మింపబడినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది ఉప్పొంగి నగరమును ముంచెను. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించెను. ఆయన నదికి ఎగువను జలాశయములు కట్టినయెడల వరద తగ్గుటయేగాక నగరమునకు నీరును లభించునని సూచించెను. ఆ సూచన ననుసరించి మూసీనదిపై ఉస్మాన్‌సాగరు 1920లోను, దాని ఉపనదియైన ఈసానదిపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. తరువాత నగరము పెరిగెను. 1965లో మంజీర నీరును, 2004లో కృష్ణ నీరును, 2015లో గోదావరి నీరును నగరమునకు వచ్చినవి. కృష్ణా గోదావరుల నీరు నూరు కిలోమీటర్లకు మించిన దూరము ప్రయాణము చేసి వచ్చుచున్నది. అంత దూరము భద్రముగా వచ్చిన నీరు ఇంటి గోడయందలి ఒక చిన్న పగులువలన వ్యర్థమగుట విచారకరము కదా!

చలివలన నీటిగొట్టములకు కలుగు అపాయము తెలియవలెనన్న మొదట నీటి స్వభావము తెలియవలెను. సాధారణముగా వస్తువులు చల్లబడినకొలది ముడుచుకొనును. నీరును 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఈ నియమమునే పాటించును. అంతకంటె చల్లబడినపుడు మాత్రము విపరీతముగా సాగనారంభించును. సున్న డిగ్రీలయొద్ద గడ్డకట్టునపుడు 100 పాళ్ల నీరు సుమారు 109 పాళ్ల మంచుగడ్డ యగును. ఈ పెరుగుదలకు చోటు లేనపుడు మంచుగడ్డ మహాబలముతో నెట్టును. ఇనుప గొట్టమైనను ఆ బలమునకు నిలువజాలదు.

ఇందొక విశేషము కలదు. మంచు కట్టిన చోటనే గొట్టము పగులునని పలువురి తలంపు. పెక్కుమారులు అట్లు జరుగదు. గొట్టము నడుమ ఏర్పడిన మంచుగడ్డ బిరడావలె దారిని మూసివేయును. ఆ గడ్డకును మూసియున్న నల్లాకును మధ్య కొంత నీరు చిక్కుకొనును. మంచు పెరిగినకొలది ఆ నీటిపై ఒత్తిడి హెచ్చి, గొట్టము బలహీనముగా నున్న చోట పగులును. అందుచేతనే శీతల దేశములలో మిక్కిలి చలిగానున్న రాత్రులందు నల్లాను కొంచెముగా వదలి, సన్నని ధారగా నీరు కారునట్లు చేయుదురు. ఒత్తిడికి దారి దొరకుటచే గొట్టము రక్షింపబడును. మంచుకట్టిన గొట్టమును కరగించునపుడును నల్లాను తెరచియుంచి, నల్లావైపునుండియే మెల్లగా వెచ్చచేయవలెను. మంటతో కాల్చుట అపాయకరము.

మన దేశమున కాశ్మీరమందు ఈ కష్టము ఏటేట కలుగుచుండును. డిసెంబరు 21వ తేదీనుండి 40 దినముల తీవ్రమైన చలిని అచటివారు చిల్లై కలాన్ అందురు. ఆ దినములలో శ్రీనగరమున నల్లాలు గడ్డకట్టుట సామాన్యము. కెనడా మొదలగు శీతల దేశములలో భూమి పైపొర మంచుకట్టును గనుక నీటి గొట్టములను నాలుగైదడుగులకు తక్కువగాని లోతున పాతుదురు. ఇంటి వెలుపలి నల్లాలను చలికాలమునకు ముందే మూసి, వానియందలి నీటిని వంపివేయుదురు. చల్లని గోడల ప్రక్కనుండి పోవు గొట్టములకు నురగ తొడుగులు తొడుగుదురు. ఉద్యోగములకై ఆ దేశముల కేగిన తెలుగువారును ఈ పనులను నేర్చుకొని చేయుచున్నారు.

అయితే నిజమైన ప్రమాదము మిక్కిలి చలి గల దేశములకంటె, చలి నెరుగని దేశములకే యెక్కువ. 2021 ఫిబ్రవరి నెలలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున జరిగిన విపత్తు ఇందుకు తార్కాణము. టెక్సాస్ సామాన్యముగా వెచ్చని ప్రదేశము. అచటి ఇండ్లలో నీటి గొట్టములు అటకలమీదను వెలుపలి గోడలయందును తగిన తొడుగులు లేకయే పోవుచుండును. ఆ నెల 16వ తేదీన డల్లస్ నగర ప్రాంతమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పడిపోయెను. అదే సమయమున రాష్ట్రమందు 45 లక్షలకు పైబడిన ఇండ్లకును వ్యాపార స్థలములకును విద్యుత్తు నిలిచిపోయెను. లోపల వెచ్చదనము లేక ఇండ్లు చల్లబడెను. గొట్టములు పగిలెను. మంచు గడ్డకట్టియున్నంతసేపు పగులు సంగతి తెలియలేదు. ఎండ వచ్చి మంచు కరగినపుడు పైకప్పులనుండి నీరు ధారాపాతముగా కురిసెను. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పట్టణములలో నివసించు తెలుగు కుటుంబములును ఆ కష్టకాలమును చూచెను. ఆ శీతల విపత్తువలన రాష్ట్రమున రెండువందలకు మించి జనులు మరణించిరి. చలికంటె చలికి సిద్ధముగా లేకపోవుటయే గొప్ప శత్రువని ఆ విపత్తు లోకమునకు బోధించెను.

మరి బేగంబజారున నీరు గడ్డకట్టునా? కట్టదు. హైదరాబాదులోని బేగంపేట వాతావరణ పరిశీలనాలయమున 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయ్యెను. దానిని మించిన చలి అచట మరల కానరాలేదు. విశాఖ మన్యమునందలి లంబసింగి గ్రామమున కొన్ని ప్రాతఃకాలములలో ఉష్ణోగ్రత సున్నకు సమీపించును. గడ్డిపరకలపై మంచు పేరును. హైదరాబాదున అట్టి స్థితి లేదు. కావున ఇచటి గొట్టములకు తొడుగులు అవసరము లేదు. రాత్రి నల్లా వదలి యుంచుటయు అనవసరము. ఒక దేశమునకు తగిన ఉపాయమును మరియొక దేశమున గ్రుడ్డిగా అనుసరించుట నీటిని వృథాచేయుటయే యగును.

అట్లని చలికాలము బేగంబజారు గొట్టములను పూర్తిగా విడిచిపెట్టదు. దక్కను పీఠభూమిపై చలికాలపు పగలు ఎండ కాయును. రాత్రి చలి హెచ్చును. మిద్దెపైని గొట్టము మధ్యాహ్నము సాగి, తెల్లవారుజామున ముడుచుకొనును. ఈ సాగుట ముడుచుకొనుట లోహమునకును ప్లాస్టిక్కునకును సమానము కాదు. 10 మీటర్ల పొడవుగల ఇనుప గొట్టము 20 డిగ్రీలు చల్లబడినపుడు రెండున్నర మిల్లీమీటర్ల కంటె తక్కువగనే ముడుచుకొనును. అంతే పొడవుగల పి.వి.సి. గొట్టము సుమారు 14 మిల్లీమీటర్లు ముడుచుకొనును. గొట్టమును గోడకు రెండు చివరల గట్టిగా బిగించినయెడల ఈ లాగుడంతయు అతుకులపై పడును. ఏండ్ల తరబడి ఎండకు పెళుసెక్కిన అతుకు ఒక చలిరాత్రి విడిపోవును. పాత ఇనుప గొట్టములకు మరియొక రోగము కలదు. అది తుప్పు. తుప్పు గొట్టమును వెలుపలినుండియు లోపలినుండియు తినివేయును.

అతుకు కారినంతమాత్రమున నీరు పోవుటయే నష్టమని భావింపరాదు. అంతకంటె భయంకరమైన నష్టము మరియొకటి కలదు. నగరమున పలు ప్రాంతములకు నీరు రేయింబవళ్లు రాదు. నియమిత వేళలలో కొన్ని గంటలు మాత్రమే వచ్చును. నీరు వచ్చునపుడు గొట్టమునందు ఒత్తిడి యుండును గనుక పగులునుండి మంచినీరు వెలుపలికి పోవును. నీరు నిలిచినపుడు ఒత్తిడి తగ్గిపోవును. అపుడు ఆ పగులుద్వారముననే వెలుపలి మురుగు లోనికి ప్రవేశించును. పాత వీథులలో మంచినీటి గొట్టమును మురుగుకాలువయు ప్రక్కప్రక్కనే పోవుచుండుట తరచు కాననగును. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్ ప్రాంతమున కలుషితమైన నీటివలన కలరా వ్యాపించి పలువురు మరణించిరి. నీటిగొట్టపు పగులు ఇంటి ఖర్చులకు మాత్రమే గాక ప్రాణములకును సంబంధించిన విషయమని దీనివలన తెలియుచున్నది. మోటారును నేరుగా వీథిగొట్టమునకు తగిలించి నీరు లాగుట నిషిద్ధము. అట్లు చేయువాడు పొరుగువారి వంతు నీటిని హరించుటయేగాక, ఆ పీల్పువలన మురుగునుగూడ గొట్టములోనికి ఆహ్వానించుచున్నాడు.

గొట్టములను సరిచూచుటకు చలికాలారంభమే తగిన సమయము. వానలు వెనుకబడి గోడలు ఆరియుండును. నీటి వాడుక తగ్గియుండును. కార్తీక మార్గశిరములలో గోడపై తడిమచ్చ కనబడినచో అది వాననీటి చెమ్మ కాదు, గొట్టపు కారుడే యని ఊహింపవచ్చును. వైశాఖమున నీటికి కటకట కలిగినపుడు మరమ్మతునకు పూనుకొనుట ఇల్లు కాలునపుడు నుయ్యి త్రవ్వుటవంటిది.

పరీక్ష చేయు విధానము సులభమైనది. నీరు వచ్చు వేళ ఇంటియందలి నల్లాలన్నిటిని, సంపులోనికి పోవు వాల్వును గట్టిగా కట్టివేయవలెను. పిమ్మట నీటి మీటరును చూడవలెను. నల్లాలన్నియు కట్టియుండగా మీటరు ముల్లు తిరుగుచున్నయెడల గొట్టము ఎచటనో కారుచున్నదని నిశ్చయింపవచ్చును. సంపు పరీక్షకు రాత్రి నీటిమట్టమునొద్ద సుద్దతో గీత గీసి, ఎవ్వరును నీరు వాడకుండ ఉదయమున చూడవలెను. నీరు గీతకంటె దిగినచో సంపు గోడకు పగులు కలదు. నీరు రాని రాత్రి మట్టము పెరిగినచో వెలుపలి నీరు లోనికి ఊరుచున్నది. రెండవది మొదటిదానికంటె చెడ్డది.

బొట్టుబొట్టుగా కారు నల్లాను చూచి ఇంతలో ఏమి పోవునులే యని పలువు రుపేక్షింతురు. సెకనుకు ఒక చుక్క చొప్పున దినమునకు 86,400 చుక్కలు రాలును. నాలుగైదు చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కించినను దినమునకు 17 మొదలు 21 లీటర్ల నీరు పోవును. ఒక పెద్ద బిందెడు నీరు ప్రతిదినమును మోరీపాలగుచున్నదన్నమాట. దీనికి చికిత్స మిక్కిలి చౌక. పెక్కు నల్లాలలో అరిగిన వాషరును మార్చిన చాలును. మరలు గల అతుకులకు పూర్వము దారము చుట్టి సఫేదా పూసెడివారు; ఇపుడు టెఫ్లాన్ టేపు చుట్టుచున్నారు. మిద్దెపైని ప్లాస్టిక్కు గొట్టమును బిగువుగా గాక కొంచెము కదలుటకు వీలుగా పట్టీలతో నిలుపవలెను. ఎండ తగులు భాగమునకు రంగు పూసినచో అది త్వరగా పెళుసెక్కదు. ఇంటికి నీరు వచ్చు ప్రధాన వాల్వు ఎచట నున్నదో పిల్లలతో సహా అందరికిని తెలిసియుండవలెను. ఏండ్లుగా త్రిప్పని వాల్వు తుప్పుపట్టి బిగిసిపోవును. గొట్టము పగిలిననాడు అది తిరుగక ఇల్లు నీటిపాలగును. కావున నెలకొకసారి దానిని కట్టి విప్పుచుండుట మేలు.

సంపును, మిద్దెపై ట్యాంకును ఈ కాలముననే కడుగవలెను. అడుగున పేరిన బురదను తీసివేసి, గోడలను రుద్ది, బ్లీచింగు పొడి కలిపిన నీటితో శుభ్రపరచి, మరల మంచినీటితో కడిగివేయవలెను. మూత సరిగా లేని ట్యాంకున దోమలు గ్రుడ్లు పెట్టును. లోతైన సంపులోనికి ఒంటరిగా ఎవ్వరును దిగరాదు. గాలి ఆడుటకై ముందుగా మూత తీసియుంచి, పైన మరియొకరు కనిపెట్టియుండగా పెద్దవారే దిగవలెను. పిల్లలు సంపువద్ద ఆడరాదు. పని ముగిసినతోడనే మూత బిగింపవలెను.

చలికాలమున వేడినీటి వాడుక హెచ్చును. పూర్వము రాగి కాగులలో కట్టెలతో నీరు కాచుకొనెడివారు. నేడు పెక్కు ఇండ్లలో గీజరులు వెలసినవి. నీరు 15 డిగ్రీలనుండి 65 డిగ్రీలకు వేడెక్కునపుడు నూటికి రెండు పాళ్ల మేర సాగును. 25 లీటర్ల గీజరునందు సుమారు అరలీటరు నీరు అధికమగును. ఆ యధిక నీరు పోవుటకే దానికి రక్షక వాల్వు అమర్చబడినది. అప్పుడప్పుడు ఆ వాల్వునుండి చుక్కలు రాలుట రోగము కాదు, ఆరోగ్యమే. నీరు కారుచున్నదని దానికి బిరడా కొట్టుట ప్రాణాంతకము. బోరునీటియందలి సున్నపు పదార్థము గీజరు లోపల పొరగా పేరి, నీరు కాగుటకు ఆటంకమగును. దానిని పనివానిచేత తీసివేయింపవలెను. గ్యాసు గీజరును కిటికీ లేని స్నానపుగదిలో ఎన్నడును ఉంచరాదు. చలికి భయపడి తలుపులన్నియు మూసినయెడల మంటనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గదిని నింపును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానము చేయువాడు తనకు తెలియకయే స్పృహ తప్పును. బకెట్టునందు విద్యుత్ కడ్డీని ఉంచి నీరు కాచువారు స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదీసిన పిమ్మటనే నీటిని తాకవలెను.

ఈ పనులన్నిటికిని వ్యయము స్వల్పము, కావలసినది శ్రద్ధ. మీటరు చూచుట, గోడపై తడిమచ్చను గుర్తించుట, చుక్కలు లెక్కించుట – ఇవి ఎనిమిదవ తరగతి విద్యార్థియు చేయదగిన పనులు. గొట్టము విప్పుట, గీజరు తెరచుట మాత్రము పనివానికి విడువవలెను. నల్లా నీటియందు మురుగువాసనగాని రంగుగాని కనబడినచో, ఆ నీటిని త్రాగుట మాని, వెంటనే జలమండలి అధికారులకు తెలియజేసి, ఇరుగుపొరుగువారినిగూడ హెచ్చరింపవలెను. అట్టి వేళ మౌనము వహించుట వీథికంతకును ద్రోహము చేయుటయే.

కాశ్మీరమున గొట్టమునకు తొడుగు తొడుగువాడును, డల్లసులో చలిరాత్రి నల్లాను సన్నధారగా వదలువాడును, బేగంబజారున వాషరు మార్చువాడును చేయుచున్న పని ఒక్కటే. వారు తమ దేశపు వాతావరణము నెరిగి, ఆపద రాకముందే మేల్కొనుచున్నారు. నీటికి తన దారి తాను వెదకుకొను స్వభావము కలదు. ఆ దారిని మనము సరిగా నుంచినపుడు అది ప్రాణములను నిలుపును. ఉపేక్షించినపుడు ఇంటి గోడను, పొరుగువాని సరకును, తుదకు వీథి ఆరోగ్యమును పాడుచేయును.